అప్‌స్ట్రీమ్ పేరు మారింది, ప్యాకేజీ సంగతేంటి? తరచుగా అడిగే ప్రశ్నలు

డెబియన్, ఫెడోరా, ఆర్చ్ లాంటి డిస్ట్రోలలో ప్యాకేజీలు చూసుకునేవాళ్ళకూ, ఆఫీసులో సొంత రిపాజిటరీ నడిపేవాళ్ళకూ ఈ పేజీ. అప్‌స్ట్రీమ్ అంటే ప్రోగ్రామ్‌ను రాసే అసలు ప్రాజెక్టు, దాన్ని ప్యాకేజీగా కట్టి వాడేవాళ్ళకు ఇచ్చేది డిస్ట్రో. ఇది చదివేటప్పుడు ఒక మనిషిని గుర్తుపెట్టుకోండి. పాత పేరుతో ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసుకున్నాడు. ఆ తర్వాత ఏ వార్తా చదవడు, అప్‌గ్రేడ్ మాత్రం కొడుతూ ఉంటాడు. అతని మెషీన్‌లో పని ఆగకూడదు, కింద చెప్పేదంతా అందుకే. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్ళకు ఏ పేరైనా ఒకటే.

ప్రాజెక్టు వాళ్ళు కొత్త పేరు ప్రకటించారు. ప్యాకేజీ పేరు వెంటనే మార్చెయ్యాలా?

వద్దు. ప్రకటన వేరు, కొత్త పేరుతో రిలీజ్ రావడం వేరు. మీడియా ప్లేయర్ ఎక్స్‌బీఎంసీ ఇకపై కోడి అవుతుందని 2014 ఆగస్టులో చెప్పారు. ఆ పేరుతో 14వ వెర్షన్ వచ్చింది మాత్రం డిసెంబరు చివర్లో. ఆ నాలుగు నెలల్లో ప్యాకేజీ పేరు మార్చినవాళ్ళెవరైనా ఉంటే, బయట బోర్డు కోడి, లోపల ప్రోగ్రామ్ ఫైల్, సెట్టింగుల డైరెక్టరీ అన్నీ ఎక్స్‌బీఎంసీ. బగ్ రాసేవాడికీ అయోమయం, చదివేవాడికీ అయోమయం.

కొత్త పేరుతో టార్‌బాల్ (సోర్స్ కోడ్ మూట) వచ్చాక విప్పి చూడండి. ఏమేం మారాయి? ప్రోగ్రామ్ ఫైల్ పేరా, సర్వీస్ పేరా, సెట్టింగుల దారా, లైబ్రరీ సోనేమా (మిగతా ప్రోగ్రాములు దాన్ని వెతుక్కునే పేరు)? వెబ్‌సైటు, లోగో మాత్రమే మారితే ప్యాకేజీ వివరణలో ఒక వాక్యం చేర్చి ఊరుకోవచ్చు. దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

పేరు ఎందుకు మారిందో కూడా తెలుసుకోండి. నెట్‌వర్క్ ట్రాఫిక్ చూపించే ఈథీరియల్ 2006లో వైర్‌షార్క్ అయింది. దాన్ని మొదలుపెట్టిన జెరాల్డ్ కూంబ్స్ ఉద్యోగం మారాడు, ట్రేడ్‌మార్క్ పాత కంపెనీ దగ్గరే ఉండిపోయింది. చాట్ ప్రోగ్రామ్ గెయిమ్ 2007లో పిడ్జిన్ అయింది, అక్కడ ఏఓఎల్ ట్రేడ్‌మార్క్ గొడవ. ఇలా చట్టం మెడమీద కూర్చుని మార్పించిన పేరు మళ్ళీ వెనక్కి రాదు, ధైర్యంగా వెంట వెళ్ళొచ్చు. మొదటి ఏడాదిలోనే పేరు మార్చిన చిన్న ప్రాజెక్టైతే కాస్త ఆగడం మంచిది. ఫైర్‌ఫాక్సే 2002లో ఫీనిక్స్, 2003లో ఫైర్‌బర్డ్, 2004 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్. ప్రతిసారీ పరిగెత్తినవాడికి మిగిలింది ఆయాసమే.

ఇది పేరు మార్పా, ఫోర్కా? ఎలా తేల్చుకోవాలి?

పాత ప్రాజెక్టు ఇంకా బతికే ఉందా అని అడగండి. ఉంటే అది ఫోర్క్, అంటే పాత కోడ్ తీసుకుని విడిగా మొదలైన కొత్త ప్రాజెక్టు. ఫోర్క్‌ను పేరు మార్పులా చూసి, అప్‌గ్రేడ్‌లో ఒకదాని స్థానంలో ఇంకోదాన్ని చప్పుడు లేకుండా పెట్టడం పెద్ద నిర్ణయం. దాన్ని ప్యాకేజీ చూసుకునే ఒక్కరూ తీసుకోకూడదు, డిస్ట్రోలో నలుగురి ముందు పెట్టాలి.

రెడిస్, వాల్కీ అనే డేటాబేస్‌ల కథ దీనికి బాగా సరిపోతుంది. 2024 మార్చిలో రెడిస్ లైసెన్స్ మారింది. అదే నెలలో లినక్స్ ఫౌండేషన్ నీడన, రెడిస్ 7.2.4 కోడ్ నుంచి వాల్కీ పుట్టింది. ఫెడోరా 41లో రెడిస్‌ను తీసేసి వాల్కీని పెట్టారు, పాత సెట్టింగులూ డేటా తరలడానికి విడిగా ఒక కంపాట్ ప్యాకేజీ ఇచ్చారు. ఆర్చ్ 2025 ఏప్రిల్‌లో తన రిపాజిటరీలో రెడిస్ బదులు వాల్కీ ఉంటుందని ప్రకటించి, వీలైనంత త్వరగా తామే మారమని వాడేవాళ్ళకు చెప్పింది. రెండు పద్ధతులకూ కారణాలున్నాయి. నాకు ఆర్చ్ పద్ధతే నచ్చుతుంది. ఎందుకంటే రెడిస్ 7.4 నుంచి డేటా ఫైల్ ఫార్మాట్ ముందుకెళ్ళింది, దాన్ని వాల్కీ చదవలేదు. ఎవరైనా బయటి రిపాజిటరీ నుంచి 7.4 తెచ్చుకుని ఉంటే, ఆటోమేటిక్ మార్పు వాళ్ళ డేటా దగ్గర ఇరుక్కుంటుంది.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, దాని ఫోర్క్ మరియాడీబీల విషయంలో డెబియన్ మూడో దారి పట్టింది. డెబియన్ 9 నుంచి ‘డిఫాల్ట్-మైఎస్‌క్యూఎల్-సర్వర్’ అనే మెటాప్యాకేజీ ఉంది. మిగతా ప్యాకేజీలు దానిమీద ఆధారపడతాయి, అది మరియాడీబీని తెస్తుంది. రేపు నిర్ణయం మారినా మార్చాల్సింది ఒక్కచోటే.

డెబియన్‌లో పేరు మార్చే సరైన పద్ధతి ఏమిటి?

ఊహించుకున్న పేర్లతో చూద్దాం. పాత ప్యాకేజీ ‘గాలిపటం’, చివరి వెర్షన్ 2.8-3. కొత్త పేరు ‘తోకచుక్క’, మొదటి వెర్షన్ 3.0-1.

ప్యాకేజీ వివరాలు రాసే కంట్రోల్ ఫైల్‌లో తోకచుక్క కింద రెండు వరుసలు పడాలి. బ్రేక్స్: గాలిపటం (<< 3.0-1~). రిప్లేసెస్: గాలిపటం (<< 3.0-1~). దాని పక్కనే గాలిపటం పేరుతో ఒక ఖాళీ ప్యాకేజీ కూడా ఉంటుంది. దీన్నే ట్రాన్సిషనల్ ప్యాకేజీ అంటారు. ఇల్లు మారినవాళ్ళు పాత గుమ్మానికి కొత్త అడ్రస్ కాగితం అంటించి వెళ్ళినట్టు, ఇది చేసే పని ఒక్కటే: డిపెండ్స్ వరుసలో తోకచుక్కను చూపించడం. ఆర్కిటెక్చర్ ‘ఆల్’, సెక్షన్ ‘ఓల్డ్‌లిబ్స్’, ప్రయారిటీ ‘ఆప్షనల్’. వివరణలో ఇది ట్రాన్సిషనల్ ప్యాకేజీ అనీ, తీసేసినా నష్టం లేదనీ రాయాలి.

బ్రేక్స్, రిప్లేసెస్ రెండూ ఎందుకంటే: రిప్లేసెస్ లేకపోతే కొత్త ప్యాకేజీ అదే ఫైల్‌ను పెట్టబోయేసరికి, ఆ ఫైల్ ఇప్పటికే గాలిపటానిదని, ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ ఆగిపోతుంది. అప్‌గ్రేడ్ సగంలో నిలిచిపోయిన మెషీన్లలో చాలావాటి కథ ఇదే. రిప్లేసెస్ ఒక్కటే పెట్టి బ్రేక్స్ మరిస్తే ఫైళ్ళు కొత్త ప్యాకేజీ చేతికి పోతాయి, పాత ప్యాకేజీ మాత్రం బాగానే ఉన్నట్టు లిస్టులో కూర్చుంటుంది. తర్వాత తోకచుక్కను తీసేస్తే మిగిలేది పనిచేయని గాలిపటం.

వెర్షన్ చివర ఉన్న ఆ టిల్డె (~) గుర్తు మర్చిపోకండి. బ్యాక్‌పోర్ట్‌కు (పాత రిలీజ్ కోసం కొత్త వెర్షన్‌ను మళ్ళీ కట్టడానికి) వెళ్ళేటప్పుడు వెర్షన్ 3.0-1~బీపీఓ12+1 లాగా అవుతుంది. డెబియన్ లెక్కలో అది 3.0-1 కన్నా చిన్నది. టిల్డె లేకుండా రాస్తే, బ్యాక్‌పోర్ట్‌లోని తోకచుక్క తన సొంత ట్రాన్సిషనల్ ప్యాకేజీనే బ్రేక్ చేస్తుంది.

సెక్షన్ ‘ఓల్డ్‌లిబ్స్’ అని పెట్టకపోతే ఏమవుతుంది?

వాడేవాడు గాలిపటాన్ని తన చేత్తో ఇన్‌స్టాల్ చేశాడు కాబట్టి అది ‘మాన్యువల్’. తోకచుక్క డిపెండెన్సీగా వచ్చింది కాబట్టి ‘ఆటో’. అతను ఒకరోజు ఖాళీ ప్యాకేజీ కదా అని గాలిపటాన్ని తీసేసి ఆటోరిమూవ్ (ఇక అక్కర్లేని ‘ఆటో’ ప్యాకేజీలను తీసేసే కమాండ్) కొడితే అసలు ప్రోగ్రామే పోతుంది. ఓల్డ్‌లిబ్స్ సెక్షన్‌లో ఉన్న ప్యాకేజీకైతే ఆ మాన్యువల్ గుర్తును దాని డిపెండెన్సీలకు మార్చాలని ఏపీటీ (డెబియన్‌లో ప్యాకేజీలు తెచ్చే ప్రోగ్రామ్) సెట్టింగుల్లోనే రాసి ఉంది. ఒక్క వరుసతో తీరే సమస్య.

ట్రాన్సిషనల్ ప్యాకేజీ ఎందుకు? ప్రొవైడ్స్, కాన్‌ఫ్లిక్ట్స్, రిప్లేసెస్ పెట్టి ఊరుకోకూడదా?

ప్రొవైడ్స్ అంటే పాత పేరు కూడా నాదే అనడం, కాన్‌ఫ్లిక్ట్స్ అంటే రెండూ కలిసి ఉండకూడదనడం. చిన్న ప్రోగ్రామైతే నడుస్తుంది. కానీ ఎవరూ దాన్ని అడగకపోతే, ఏపీటీ దానంతటది కొత్త పేరున్న ప్యాకేజీని తెచ్చుకోదు. పాతది పాతగానే మిగిలి, సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుండా ఏళ్ళ తరబడి నడుస్తుంది. మన వార్తలు చదవని మనిషి అచ్చంగా ఇక్కడే చిక్కుకుంటాడు.

ఇంతకన్నా భయపెట్టే సంగతి ఇంకొకటుంది. డెబియన్‌లో ప్యాకేజీని తీసేసినా, పర్జ్ చేసేదాకా (సెట్టింగులతో సహా తుడిచేసేదాకా) దాని పోస్ట్‌ఆర్‌ఎం స్క్రిప్ట్ (తీసేశాక నడిచేది) డిస్క్‌మీదే ఉంటుంది. డీపీకేజీ లిస్టులో ‘ఆర్‌సీ’ అని కనిపించేవి ఇవే. పాత గాలిపటం స్క్రిప్ట్‌లో పర్జ్ సమయంలో డేటా డైరెక్టరీని తుడిచేయమని రాసి ఉందనుకోండి. కొత్త తోకచుక్క కూడా అదే డైరెక్టరీని వాడుతోంది. ఆరు నెలల తర్వాత అడ్మిన్ తీరిక దొరికి ‘ఆర్‌సీ’ ప్యాకేజీలన్నీ శుభ్రం చేస్తాడు. నడుస్తున్న సర్వీస్ డేటా మాయం. ఎవరికీ ఏం అర్థం కాదు, ఎందుకంటే తప్పు జరిగింది ఆరు నెలల కింద.

ట్రాన్సిషనల్ ప్యాకేజీ ఉంటే పాత గాలిపటం 3.0-1కి అప్‌గ్రేడ్ అవుతుంది, ఆ తుడిచే స్క్రిప్ట్ పోయి దాని స్థానంలో ఏమీ చేయని ప్యాకేజీ వస్తుంది. నా ఉద్దేశంలో ట్రాన్సిషనల్ ప్యాకేజీకి అన్నిటికన్నా గట్టి కారణం ఇదే. డాక్యుమెంట్లలో మాత్రం దీని గురించి ఒక మూలన కూడా పెద్దగా చెప్పరు.

సెట్టింగుల ఫైళ్ళు, సర్వీస్ పేరు, సిస్టమ్ యూజర్ కూడా మార్చాలా?

మార్చాల్సినవి మాత్రమే మార్చండి. అప్‌స్ట్రీమ్ ప్రోగ్రామ్ కొత్త దారిలోనే సెట్టింగులు వెతుకుతుంటే తప్పదు. అప్పుడు చేత్తో కాపీ చేసే స్క్రిప్టులు రాయకుండా, డెబియన్‌లో డీపీకేజీ-మెయింట్‌స్క్రిప్ట్-హెల్పర్ వాడండి. ఒకే ప్యాకేజీ లోపల ఫైల్ దారి మారితే అది చూసుకుంటుంది, వాడేవాడు చేసుకున్న మార్పులు పోవు. ఫైల్ ఒక ప్యాకేజీ నుంచి ఇంకో ప్యాకేజీకి కూడా మారుతుంటే పని జటిలం. అలాంటప్పుడు దారి మార్పు, ప్యాకేజీ మార్పు ఒకే అప్‌లోడ్‌లో పెట్టుకోకుండా ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది.

సిస్టమ్ యూజర్‌ను, డేటా డైరెక్టరీని ముట్టుకోకండి. మరియాడీబీ ఇన్నేళ్ళయినా ‘మైఎస్‌క్యూఎల్’ అనే యూజర్‌తోనే, అదే పేరున్న డేటా డైరెక్టరీలోనే నడుస్తోంది. ఎవరికీ ఇబ్బంది లేదు. సర్వీస్‌కు మాత్రం కొత్త పేరు పెట్టి, పాత పేరును అలియాస్‌గా ఉంచారు. పాత అలవాటుతో రీస్టార్ట్ కొట్టినా పనిచేస్తుంది.

కమాండ్ల సంగతిలోనూ మరియాడీబీ వాళ్ళది మంచి పద్ధతి. ముందు కొత్త పేర్లు తెచ్చి, పాతవాటిని సిమ్‌లింకులుగా (కొత్త ఫైల్ వైపు చూపించే పేర్లుగా) ఉంచారు. కొన్నేళ్ళ తర్వాత 11వ సిరీస్‌లో, పాత పేరుతో నడిపితే ‘ఈ పేరు ఇక పోతుంది’ అని హెచ్చరిక చూపించడం మొదలుపెట్టారు. ఆ హెచ్చరిక, వేళకు పనులు నడిపే క్రాన్ పంపే మెయిల్‌లో రోజూ కనిపిస్తే ఎంత బద్ధకస్తుడైనా స్క్రిప్ట్ మార్చుకుంటాడు.

వాడేవాళ్ళ హోమ్ డైరెక్టరీలో ఉన్న పాత ప్రొఫైల్‌ను ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ తరలించవచ్చా?

కూడదు. ప్యాకేజీ స్క్రిప్ట్ రూట్‌గా నడుస్తుంది, హోమ్ జోలికి వెళ్ళకూడదు. హోమ్ నెట్‌వర్క్‌మీద ఉండొచ్చు, ఆ సమయంలో మౌంట్ అయి ఉండకపోవచ్చు, ప్రోగ్రామ్ తెరిచి ఉండొచ్చు. తరలించే పని ప్రోగ్రామే చేయాలి, లేదా దాన్ని తెరిచే ర్యాపర్ చేయాలి. డెబియన్‌లో మెయిల్ ప్రోగ్రామ్ ఐస్‌డవ్ మళ్ళీ థండర్‌బర్డ్ అయినప్పుడు ప్రొఫైల్ తరలింపును ర్యాపర్ స్క్రిప్ట్‌కే అప్పగించారు.

ఆ ఐస్‌డవ్, ఐస్‌వీజిల్ పేర్లు డిస్ట్రోనే పెట్టింది కదా, అదెందుకు?

అక్కడ అప్‌స్ట్రీమ్ పేరు మారలేదు, డెబియనే మార్చాల్సి వచ్చింది. ఫైర్‌ఫాక్స్ లోగో లైసెన్స్ డెబియన్ నియమాలకు సరిపోలేదు, కాబట్టి లోగో లేకుండా ఇస్తూ వచ్చారు. లోగో లేకుండా పేరు వాడకూడదనీ, కోడ్‌లో మార్పులకు అనుమతి తీసుకోవాలనీ 2006లో మొజిల్లా వైపు నుంచి మాట వచ్చింది. 2007 ఏప్రిల్‌లో వచ్చిన డెబియన్ 4.0లో బ్రౌజర్ పేరు ఐస్‌వీజిల్. 2016లో రాజీ కుదిరి ఫైర్‌ఫాక్స్ పేరు తిరిగొచ్చింది, మరుసటి ఏడాది థండర్‌బర్డ్ కూడా. ఒక పేరు నుంచి వెళ్ళడానికి ఒక వంతెన, పదేళ్ళ తర్వాత తిరిగి రావడానికి ఇంకో వంతెన. అందుకే ఒకసారి వదిలేసిన పేరైనా సరే, మళ్ళీ వాడే అవకాశాన్ని మూసేయకుండా ప్రతి సంబంధాన్నీ వెర్షన్‌తో సహా రాయాలి.

కొత్త పేరు డిస్ట్రోలో ఇప్పటికే వేరేవాళ్ళది అయితే?

ఇది అనుకున్నదానికన్నా తరచుగా వస్తుంది. డెబియన్‌లో ‘గిట్’ అనే పేరు మొదట గ్నూ ఇంటరాక్టివ్ టూల్స్ అనే వేరే ప్రోగ్రామ్‌ది. మనందరం వాడే గిట్ అప్పట్లో ‘గిట్-కోర్’. తర్వాత ఆ పాత ప్రోగ్రామ్ ‘గ్నూఇట్’ అని పేరు మార్చుకుంది. 2011లో వచ్చిన డెబియన్ రిలీజ్ స్క్వీజ్‌లో ‘గిట్’ పేరు అసలు గిట్‌కు దక్కి, గిట్-కోర్ ట్రాన్సిషనల్ అయింది.

కానీ ఒక చిక్కు. ఆ పాత ప్రోగ్రామ్ వెర్షన్ 4 దాటి ఉంది, గిట్ అప్పటికి 1.7 దగ్గర ఉంది. ఏపీటీ లెక్కలో 1.7 అంటే వెనక్కి వెళ్ళడం. కాబట్టి ముందు ఎపాక్, అంటే వెర్షన్‌ను పెద్దదిగా చూపే అంకె, తగిలించారు. డెబియన్ 12లో గిట్ వెర్షన్ చూడండి: 1:2.39 అని మొదలవుతుంది. ఆ ‘1:’ అప్పటి గుర్తు. ఎపాక్ ఒకసారి పెడితే ఇక తీయలేరు, ఆ ప్యాకేజీ ఉన్నంతకాలం మోయాల్సిందే. కాబట్టి ఎపాక్ పెట్టేముందు ఇంకెవరినైనా అడగండి.

‘క్రోమియం’ కూడా అంతే. ఆ పేరుతో ముందు ఒక ఆట ఉండేది, బ్రౌజర్ ‘క్రోమియం-బ్రౌజర్’గా సర్దుకుంది. ఆట ‘క్రోమియం-బీఎస్‌యూ’ అయ్యాక బ్రౌజర్‌కు పేరు దక్కింది. కమాండ్ల స్థాయిలోనూ ఇవే తగాదాలు. హామ్ రేడియో వాళ్ళ ‘నోడ్’ ప్రోగ్రామ్ వల్ల నోడ్‌జేఎస్ కమాండ్ చాలా ఏళ్ళు డెబియన్‌లో ‘నోడ్‌జేఎస్’గానే ఉంది. ‘నోడ్’ కావాలంటే లెగసీ ప్యాకేజీ వేసుకోవాల్సి వచ్చేది. ఈరోజుకీ ‘బ్యాట్’ కమాండ్ అక్కడ ‘బ్యాట్‌క్యాట్’, ‘ఎఫ్‌డీ’ కమాండ్ ‘ఎఫ్‌డీఫైండ్’. వాడేవాళ్ళు తిట్టుకుంటారు. అయినా ముందు వచ్చినవాళ్ళను తోసేయడంకన్నా అదే నయం.

ఫెడోరా, ఓపెన్‌సూసే లాంటి ఆర్‌పీఎం డిస్ట్రోలలో?

ఇక్కడ ట్రాన్సిషనల్ ప్యాకేజీ అక్కర్లేదు. కొత్త స్పెక్ ఫైల్‌లో (ప్యాకేజీ ఎలా కట్టాలో రాసే ఫైల్) ఆబ్సొలీట్స్ (పాత పేరు స్థానంలో ఇది వస్తుందని చెప్పేది), ప్రొవైడ్స్ రాస్తే ఫెడోరా ప్యాకేజీ మేనేజర్ డీఎన్‌ఎఫ్ అప్‌గ్రేడ్‌లో దానంతటదే మారుస్తుంది. ఫెడోరాలోనైతే కొత్త పేరున్న ప్యాకేజీ మళ్ళీ రివ్యూకు వెళ్ళాలి. రివ్యూ చేసేవాళ్ళు ముఖ్యంగా చూసేది ఈ రెండు వరుసలనే. అది అయ్యాక పాతదాన్ని రిటైర్ చేయాలి.

వెర్షన్ రాయడంలో జాగ్రత్త. గాలిపటం చివరి బిల్డ్ 2.8-3 అయితే, ఆబ్సొలీట్స్‌లో ‘<= 2.8-3’ అని రాస్తే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. అసలు బిల్డ్ రిలీజ్‌కు ‘.ఎఫ్‌సీ40’ లాంటి తోక ఉంటుంది, తోక ఉన్నది లేనిదానికన్నా పెద్దది. కాబట్టి ‘< 2.8-4’ అని రాయాలి. వెర్షన్ అసలే రాయకపోతే ఆ పేరును ఇంకెవరూ, ఎప్పుడూ వాడుకోలేరు.

ఇంకో ఉచ్చు స్క్రిప్‌లెట్ల (ప్యాకేజీ వచ్చేటప్పుడు, పోయేటప్పుడు నడిచే చిన్న స్క్రిప్టులు) దగ్గరుంది. ఆబ్సొలీట్స్ వల్ల పాత ప్యాకేజీ పోతున్నప్పుడు ఆర్‌పీఎం దృష్టిలో అది అప్‌గ్రేడ్ కాదు, పూర్తిగా తీసివేత. పైగా కొత్త ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యాక పాతది పోతుంది. రెండిటికీ సర్వీస్ పేరు ఒకటే అయితే, పాతదాన్ని తీసేముందు నడిచే ప్రీఅన్ స్క్రిప్‌లెట్ ఆ సర్వీస్‌ను ఆపేసి డిజేబుల్ చేసి పోతుంది. అప్‌గ్రేడ్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాదు, పొద్దున్న చూస్తే సర్వర్ మూగపోయి ఉంటుంది. ఇలాంటి చోట కొత్త ప్యాకేజీలో పోస్ట్‌ట్రాన్స్ వాడాలి. అది మొత్తం ట్రాన్సాక్షన్ ముగిశాక నడుస్తుంది. వాడేవాడు మార్చుకున్న సెట్టింగుల ఫైల్ పాత దారిలో ఉంటే ‘ఆర్‌పీఎంసేవ్’ తోకతో మిగులుతుంది. దాని గురించి రిలీజ్ నోట్స్‌లో ఒక ముక్క రాయండి.

ఆర్చ్‌లో?

ప్యాకేజీ ఎలా కట్టాలో రాసే పీకేజీబిల్డ్ ఫైల్‌లో రిప్లేసెస్, కాన్‌ఫ్లిక్ట్స్, ప్రొవైడ్స్ మూడూ రాయాలి. పూర్తి సిస్టమ్ అప్‌గ్రేడ్‌లో మాత్రమే ఆర్చ్ ప్యాకేజీ మేనేజర్ ప్యాక్‌మ్యాన్ రిప్లేసెస్‌ను చూసి, మార్చమంటారా అని అడుగుతుంది. విడిగా ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే పట్టించుకోదు. రిపాజిటరీ డేటాబేస్‌లో లేని ఏయూఆర్ (వాడేవాళ్ళే పెట్టే) ప్యాకేజీకి అది పనిచేయదు.

జెంటూ, నిక్స్‌ఓఎస్?

జెంటూలో రిపాజిటరీ అప్‌డేట్స్ ఫైల్‌లో ‘మూవ్, పాత పేరు, కొత్త పేరు’ అని ఒక వరుస. జెంటూ ప్యాకేజీ మేనేజర్ పోర్టేజ్ ఇన్‌స్టాలైన ప్యాకేజీల రికార్డులో కూడా పేరు మార్చేస్తుంది. నిక్స్‌లో అలియాసెస్ ఫైల్‌లో ఒక వరుస, సర్వీస్ ఆప్షన్ పేరు మారితే దానికి వేరే ఫంక్షన్ ఉంది. ఈ రెండిటినీ చూస్తే మిగతావాళ్ళకు కొంచెం అసూయ కలుగుతుంది.

ఉబుంటు 24.04లో ‘లిబ్‌అసౌండ్2’ ఇన్‌స్టాల్ కావట్లేదు. ఇది కూడా పేరు మార్పేనా?

అవును, కాకపోతే అప్‌స్ట్రీమ్ చేసింది కాదు. 2038లో 32-బిట్ టైమ్ విలువ నిండిపోయే సమస్య కోసం 32-బిట్ మెషీన్లలో టైమ్ విలువను 64 బిట్లకు పెంచారు. అందుకు చాలా లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర ‘టీ64’ చేర్చారు. 64-బిట్ మెషీన్లలో కొత్తది పాత పేరును ప్రొవైడ్ చేస్తుంది, కాబట్టి పాత డెబ్ ఫైళ్ళు మామూలుగానే దిగుతాయి. కానీ లిబ్‌అసౌండ్2ను ఓఎస్‌ఎస్4 అనే వేరే సౌండ్ సిస్టమ్ వాళ్ళ ఇంకో ప్యాకేజీ కూడా ప్రొవైడ్ చేస్తోంది. ఇద్దరిలో ఎవర్ని ఎంచుకోవాలో తెలియక ఏపీటీ ఆగిపోతుంది. డాకర్‌ఫైల్‌లో కొత్త పేరు రాసేయండి. పాత ఉబుంటులోనూ నడవాల్సిన డెబ్ ప్యాకేజీకైతే డిపెండ్స్‌లో రెండు పేర్లూ నిలువు గీతతో (|) రాయండి.

తెలుగు ఫాంట్ల ప్యాకేజీ పాత పేరుతో దొరకట్లేదు.

డెబియన్‌లో ‘టీటీఎఫ్-’తో మొదలయ్యే ఫాంట్ ప్యాకేజీల పేర్లు చాలావరకు ‘ఫాంట్స్-’గా మారాయి. ‘టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్’ బదులు ఇప్పుడు ‘ఫాంట్స్-టెలు’. పోతన2000, వేమన2000 కావాలంటే ‘ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా’, లోహిత్ తెలుగుకు ‘ఫాంట్స్-లోహిత్-టెలు’. పాత బ్లాగుల్లో ఉన్న కమాండ్లు అందుకే పనిచేయవు. ఫాంట్ లోపలి పేరు మారలేదు కాబట్టి పోతన2000తో చేసిన పాత డాక్యుమెంట్లు అలాగే తెరుచుకుంటాయి.

సోర్స్ ప్యాకేజీ పేరు కూడా మార్చాలా?

తప్పనిసరి కాదు. వాడేవాళ్ళకు కనిపించేది బైనరీ పేరు. డెబియన్‌లో కొత్త బైనరీ పేరైనా, కొత్త సోర్స్ పేరైనా న్యూ క్యూలో (కొత్త పేర్లను పరిశీలించే వరుసలో) ఆగాల్సిందే, కాబట్టి రెండూ మార్చదలిస్తే ఒకేసారి పంపండి. రిలీజ్‌కు ముందు మార్పులు ఆపేసే ఫ్రీజ్ దగ్గరపడుతుంటే మాత్రం అసలు మొదలుపెట్టకండి.

ట్రాన్సిషనల్ ప్యాకేజీని ఎప్పుడు తీసేయొచ్చు?

ఒక స్టేబుల్ రిలీజ్‌లో అది ఉండి తీరాలి. డెబియన్‌లో రిలీజ్ దాటేసి అప్‌గ్రేడ్ చేయడానికి మద్దతు లేదు కాబట్టి ఆ తర్వాతి సైకిల్‌లో తీసేయొచ్చు. ఉబుంటులో ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్ళు మద్దతుండే రిలీజ్) నుంచి ఎల్‌టీఎస్‌కు దూకేవాళ్ళుంటారు, అక్కడ లెక్క ఎల్‌టీఎస్‌లలో వేసుకోవాలి. తీసేముందు ఇంకా ఏ ప్యాకేజీలు పాత పేరుమీద ఆధారపడుతున్నాయో వెతికి, వాటికి బగ్‌లు రాయండి.

ఎలా టెస్ట్ చేయాలి?

ఖాళీ కంటైనర్‌లో కొత్త పేరు ఇన్‌స్టాల్ చేసి ‘పనిచేస్తోంది’ అనడం టెస్ట్ కాదు. పాత స్టేబుల్ కంటైనర్ తీసుకోండి. పాత ప్యాకేజీ వేయండి. సెట్టింగుల ఫైల్‌లో ఒక వరుస మార్చండి, కొంచెం డేటా పెట్టండి, సర్వీస్ ఎనేబుల్ చేయండి. అప్పుడు అప్‌గ్రేడ్ కొట్టి మూడూ నిలిచాయో లేదో చూడండి. తర్వాత పాత పేరును పర్జ్ చేసి, ఆటోరిమూవ్ కూడా కొట్టి, మళ్ళీ చూడండి. సర్వీస్ పరీక్షకు సిస్టమ్‌డీ నడిచే కంటైనర్ కావాలి, మామూలు డాకర్ ఇమేజ్‌తో కుదరదు.

డెస్క్‌టాప్ ఫైల్ పేరు మారితే ఎవరికైనా నష్టమా?

ప్యానెల్‌లో పిన్ చేసుకున్న ఐకాన్ పోతుంది, డిఫాల్ట్ అప్లికేషన్ సెట్టింగ్ పోతుంది. ప్రోగ్రామ్ వివరాలుండే యాప్‌స్ట్రీమ్ ఫైల్‌లో పాత ఐడీని ప్రొవైడ్స్ కింద రాయండి.

పాత పేరుమీద ఉన్న బగ్‌లను ఏం చేయాలి?

కొత్త పేరుకు రీఅసైన్ చేయండి, మూసేయకండి. పాత ప్యాకేజీని తీసేయమని అభ్యర్థన పెట్టకముందే ఆ పని పూర్తిచేయాలి. లేకపోతే ప్యాకేజీతోపాటు బగ్‌లూ మూతపడతాయి, వాటిని రాసినవాళ్ళకు ‘పరిష్కారమైంది’ అన్నట్టు మెయిల్ వెళ్తుంది.